లోపలి జేబులు

పైసాందూ వంతెన మీద ముప్పై ఒక్కేళ్ళు
నేనన్న మాట ఒకటే: తెరవండి.
డిక్కీ తెరవండి. సంచీ తెరవండి.
కోటు లోపలి జేబు కూడా, అమ్మా, ఏమనుకోకండి.
నది అవతలి ఒడ్డు నుంచి చవగ్గా దిగే
నూనె డబ్బాలు, బ్యాటరీలు,
ఒకసారి ఓ ముసలమ్మ గౌను మడతల్లో
ఎనిమిది కోడిపిల్లలు, బతికున్నవి.
నా కన్నుగప్పి పోయింది తక్కువే అనుకునేవాణ్ణి.

"తెరవండి, దోన్ విల్మార్" అంది డాక్టర్ ఇబార్‌బురు.
సన్నని కడ్డీ పంటి పక్కన దించుతూ
వెనకున్న అమ్మాయికి లెక్క చెప్పింది:
మూడు. మూడు. నాలుగు. ఏడు.
ఏడు దగ్గర ఆగి, మళ్ళీ కొలిచి,
ఏడే, అంది.
"వీటిని మేం జేబులంటాం."

నా నోట్లో, నాకు తెలియని జేబులు!
ఎన్నేళ్ళ నుంచో సరుకు దాటుతోంది అక్కడ
రశీదు లేకుండా.
పొద్దున్నే బ్రష్ మీద కనబడే ఎరుపుకి
బ్రష్‌నే తిట్టుకున్నాను ఇన్నాళ్ళూ.
సిగరెట్ల సంగతి అడిగింది.
నేను నోరు విప్పేలోగా
నిబియా నిజం చెప్పేసింది.

చిగురు విప్పి, గీకి, కడిగి, మళ్ళీ కుట్టారు.
తొమ్మిది కుట్లు.
ఆ రాత్రి చెంపకి గుడ్డలో చుట్టిన మంచుముక్క,
తలకింద రెండు దిళ్ళు,
నాలుక మాత్రం నిద్రపోలేదు.
వద్దన్న కొద్దీ వెళ్ళి
దారం కొసల్ని తడిమి వస్తుంది,
గుడ్డివాడు గుమ్మాన్ని తడిమినట్టు.

గోరువెచ్చని ఉప్పునీళ్ళు.
పుక్కిలించొద్దు, ఊరికే పట్టి ఉంచు.
ఉమ్మొద్దు, తలవంచి జారనివ్వు.
ఇంత మర్యాదగా నేను
నీళ్ళతోనైనా, మనుషులతోనైనా ఎప్పుడున్నాను?

అన్నిటికంటే కష్టం మాతే.
సొరబుర్ర నిండా ఎండాకు, చంకలో ఫ్లాస్కు,
వెండి గొట్టంతో పీల్చే ఆ చేదు లేకుండా
ఈ ఊళ్ళో మగవాడు గడప దాటడు.
పది రోజులు వేడి వద్దు, పీల్చడం అసలే వద్దు,
పీలిస్తే గడ్డకట్టిన నెత్తురు ఊడొస్తుందట.
రేవు దగ్గర అదెమార్ అలవాటుగా బుర్ర చాచాడు.
మా దగ్గర మాతే అందిస్తే కృతజ్ఞతలు చెప్పం.
చెప్పామంటే ఇక చాలని, లేచి వెళ్తున్నామని.
గ్రాసియాస్, అన్నాను.
ఒక్క గుక్క తాగకుండా.
నలుగురూ నావైపు చూశారు,
చావు కబురు విన్నట్టు.

మందు నీళ్ళకి నాలుక గోధుమరంగు తిరిగింది.
"దొంగచాటుగా తాగుతున్నావు కదూ"
అని నవ్వాడు అదెమార్.
గుమ్మడికాయ సూప్ తాళంచెవి రుచి.
చల్లారిన పొలెంటా, అదీ తాళంచెవే.

పదకొండో రోజున కుట్లు తీసి
డాక్టర్ నా అరచేతిలో ఓ బుల్లి కుంచె పెట్టింది,
తీగ చుట్టూ నూగులాంటి వెంట్రుకలు.
పళ్ళ సందుల్లోకి, రోజూ రాత్రి, అంది.
నిబియా పకపకా నవ్వింది.
మా వంటింటి సొరుగులో దాని అన్న ఉన్నాడు.
నలభై ఏళ్ళుగా శనివారం శనివారం
వెండి గొట్టం లోపల తోమేది దాంతోనే.
గొట్టానికి చేసిన సేవలో పదో వంతు
దాన్ని పట్టుకున్న నోటికి చెయ్యలేదు.

సెప్టెంబరు. వీధి చెట్లకి కొత్త చిగుళ్ళు.
నావి తగ్గినంత తగ్గాయి, తిరిగి రావట,
ఉన్నవాటిని నిలుపుకోవడమే.
పళ్ళు పొడుగయ్యాయి, నవ్వితే
నాకు తెలియని పెద్దమనిషెవరో అద్దంలో.
సందుల్లోంచి నది గాలి జివ్వుమంటుంది.

రాత్రి పదింటికి దీపం వేసి
నాకు నేనే అంటాను: తెరవండి.
చివరి దవడపన్ను వెనక, వెలుతురందని మలుపులో
కుంచె లోపలికెళ్ళి బయటికొస్తుంది.
దీపానికి దగ్గరగా పట్టి చూస్తాను.
తెల్లగానే ఉంది.

నమ్మను.
ఇంకోసారి.